రాళ్లు ఎగరేసే చేతులు

ఆడవాళ్ల ఆటల్లో పోట్లాట ఉండదని మొదట ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడు ఒక్కనాడైనా అచ్చనగండ్ల ఆట పక్కన కూర్చుని ఉండడు. కూర్చుని ఉంటే, అయిదు గులకరాళ్ల చుట్టూ ఎంత యుద్ధం నడుస్తుందో ఆయనకే తెలిసొచ్చేది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈమధ్య 'కాంబాట్' అనే ఒక ఆట గురించి చదివాను. మన గారడీవాళ్లు బంతులూ కత్తులూ ఎగరేసి పట్టుకుంటారు చూడండి, ఆ విద్యనే జగ్లింగ్ అంటారు. ఆ విద్య వచ్చినవాళ్లు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరూ మూడేసి క్లబ్బులు ఎగరేస్తూ, ఎదుటివాళ్ల లెక్క తప్పించాలని చూడటమే కాంబాట్. క్లబ్బంటే సన్నటి మెడా, లావుపాటి పొట్టా ఉన్న పొడుగు సీసాలాంటిది. ఎదుటి మనిషిని కొట్టకూడదు. గాల్లో ఉన్న క్లబ్బును మాత్రం తట్టెయ్యొచ్చు, దొరికితే లాక్కోవచ్చు. అవతలివాళ్లవి కింద పడ్డాక కూడా తనవి మూడూ తిరుగుతుంటేనే గెలిచినట్టు.

వినడానికి చిన్నపిల్లల చేష్టలా ఉందా? కాస్త ఆగండి. ఎదుటివాడి మీదికి వెళ్లాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి. అది ఖాళీ కావాలంటే తన క్లబ్బునొకదాన్ని మామూలుకంటే ఎత్తుగా ఎగరెయ్యాలి. అది దిగివచ్చేలోగా దెబ్బ తీసి, మళ్లీ చెయ్యి చోటుకి రావాలి. అలా ఎత్తుకు వెళ్లిన క్లబ్బే ఎదుటివాడికి సులువుగా అందుతుంది. దాడి చేస్తున్న క్షణంలోనే మనిషికి రక్షణ తక్కువన్నమాట.

అందుకే ఈ ఆటగాళ్లలో రెండు రకాలు కనిపిస్తారట. ఒకరు వచ్చీరాగానే మీద పడతారు. గెలిస్తే అరనిమిషంలో గెలుస్తారు, ఓడినా అంతే. రెండోవాళ్లు క్లబ్బుల్ని గుండెల దగ్గరే, తక్కువ ఎత్తులో తిప్పుకుంటూ వెనక్కి వెనక్కి జరుగుతారు. పిరికివాళ్లేమో అనుకుంటాం. కాదు, ఎదుటివాడి తొందర ఎప్పుడు పొరపాటవుతుందా అని కాచుకుని ఉంటారు. అసలు ప్రమాదం వీళ్లతోనే.

యూరప్ జగ్లర్లు 1978లో బ్రైటన్‌లో మొదటిసారి కలుసుకుని, అప్పట్నుంచి సమావేశాలు జరుపుకుంటూ వస్తున్నారు. అలాంటి చోట్ల పొద్దుపోకకి ఆడుకునే ఈ ఆటని, బెర్లిన్‌లో ల్యూక్ బర్రేజ్ అనే ఆయన 'ఫైట్ నైట్' పేరుతో ఇద్దరిద్దరి పోటీగా, పాయింట్ల లెక్కతో నడిపించాడు. లెక్క వచ్చాక దానికి గౌరవమూ వచ్చింది.

ఎగరేసే విద్యకీ యుద్ధానికీ చుట్టరికం కొత్తది కాదు. చైనాలో యీలియావ్ అనే నేర్పరి బంతులు ఎగరేసి రెండు వంశాల మధ్య తగువు తీర్చాడని జువాంగ్జీ గ్రంథం చెబుతుంది. తర్వాతివాళ్లు దాన్ని పెంచి, రణరంగంలో ఆయన తొమ్మిది బంతులు ఆడిస్తుంటే శత్రుసేన నోరు తెరుచుకుని చూస్తూ ఓడిపోయిందని కథ అల్లారు.

అంతకంటే వెనక్కి, దాదాపు నాలుగు వేల ఏళ్ల వెనక్కి వెళ్తే, ఈజిప్టులో బెనీ హసన్ సమాధుల గోడల మీద బంతులు ఎగరేస్తున్న ఆడవాళ్ల బొమ్మలున్నాయి. ఒకామె చేతులు అడ్డంగా మడిచి మరీ ఆడుతోంది. ఆ సమాధుల్లోనే మగవాళ్ల కుస్తీ పట్లు కూడా వందల్లో గీశారు. కుస్తీ బొమ్మల్ని చూసినవాళ్లు యుద్ధవిద్య అన్నారు. పక్కనున్న ఆడవాళ్ల బొమ్మల్ని చూసి కాలక్షేపం అన్నారు. గోడ ఒకటే, చేతుల్లో నేర్పూ ఒకటే, పేర్లు మాత్రం రెండు!

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? దండి రాసిన దశకుమార చరిత్రను 13వ శతాబ్దంలో కేతన తెనుగు చేశాడు. అందులో కందుకావతి అనే రాజకుమారి ఉంది. నెలనెలా కృత్తిక నాడు అమ్మవారి ముందు బంతులాట ఆడుతుంది. ఎందుకయ్యా అంటే, మంచి మొగుడు దొరకాలని! అంత చేతివాటమూ నోములో భాగమైపోయింది. 1773లో కెప్టెన్ కుక్ ఓడలో టోంగా దీవులకు వెళ్లిన ఫార్‌స్టర్ అనే యువకుడు, అక్కడ ఒక చిన్నపిల్ల అయిదు గుండ్రటి కాయల్ని పావుగంటసేపు ఒక్కటీ జారకుండా ఎగరేసిందని రాసుకున్నాడు. ఆ పిల్ల పేరు మాత్రం రాయలేదు.

ఇక మన సంగతికి వద్దాం. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరిఖని దాకా బావులు వచ్చింది 1960ల్లో. కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్గొండ జిల్లాల నుంచీ, కోస్తా నుంచీ జనం వచ్చి కంపెనీ క్వార్టర్లలో ఇరుగూపొరుగూ అయ్యారు. మగవాళ్లు తట్టా పారా తెచ్చుకుంటే, ఆడవాళ్లు తమ ఊరి ఆటలు తెచ్చుకున్నారు. ఒకరు అచ్చనగండ్లు అంటారు, ఒకరు అచ్చనగాయలు అంటారు, మరొకరు గచ్చకాయలే అసలు పేరని వాదిస్తారు.

ఆట మీకు తెలిసిందే. ఒక రాయి ఎగరేసి, అది దిగేలోగా కిందిది తీసుకుని, ఆ చేత్తోనే పైదాన్నీ పట్టుకోవాలి. మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒక్క ఊపులో. తీసేటప్పుడు పక్క రాయి కదిలిందా, పోయినట్టే. ఆఖర్న అయిదూ ఎగరేసి, చెయ్యి బోర్లించి వేళ్ల వెనక నిలిపి, మళ్లీ ఎగరేసి గుప్పిట పట్టాలి.

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా వరసలో మధ్యాహ్నం పూట ఈ ఆట సాగేది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మగవాళ్లు లోపల నిద్రపోతుండేవారు. అందుకని వసారాలో పాత బొంత పరిచేవారు, రాళ్ల చప్పుడు లోపలికి పోకుండా. రాళ్లంటే గోదావరి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటివి. యుద్ధమంతా గుసగుసల్లోనే!

మా అత్త ఒకామె గాజులు మోచేతిదాకా తోసుకుని, రాయిని తలకంటే ఎత్తుగా విసిరేది. కావలసినంత టైము దొరికేది గానీ, రాయి పక్కకి వాలితే చెయ్యి అందేది కాదు. ఆమె జోడీ పక్కింటామె. జానెడెత్తు కూడా ఎగరేసేది కాదు, చూపు కూడా పైకి లేపేది కాదు. ఒకట్లకు రాళ్లు దూరదూరంగా పడితే సుఖం, నాలుగుకు దగ్గరగా పడితే సుఖం. ఏ విడతకు ఎంత చల్లాలో ఆమె వేళ్లకు తెలుసు.

మరి దాడి ఎక్కడ అంటారా? నోటితో! అత్త రాయి గాల్లో ఉండగా పక్కింటామె చల్లగా అనేది, "వదినా, పాలు పొంగుతున్నట్టున్నయి." చెయ్యి వణికేది, రాయి జారేది. పొయ్యి మీద పాలే లేవు. ఇంకోసారి "కదిలింది వదినా!" అంటే, "ఏడ కదిలింది? నీ కండ్లు కదిలినయ్" అని జవాబు. తర్వాత అసలు తగువు. "మా మంథని దిక్కు కదిలినా నడుస్తది" అని ఒకరు, "మా ఇల్లందుల నడువది" అని ఒకరు. ఆట పదినిమిషాలైతే, రూల్సు తేలడానికి అరగంట.

కాంబాట్ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఈ ఇద్దరే కళ్లముందు మెదిలారు. ఎత్తుగా విసిరి తెగించే మనిషీ, చేతిని దగ్గర పెట్టుకుని కాచుకునే మనిషీ. బెర్లిన్ వాళ్లకి అది ఆడే శైలి అయింది. మా వసారాలో వాళ్లని చూసినవాళ్లు మాత్రం, "వీళ్లు అయిదు రాళ్ల కోసం కూడా కొట్లాడుకుంటారమ్మా" అన్నారు.

తేడా ఎక్కడుందో చెడుగుడును చూస్తే తెలుస్తుంది. ఊరి ఇసకలో ఆడినన్నాళ్లూ అది కూతలూ, తోపులాటే. నియమాలు రాసుకున్నాక, 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతి వ్యాయామ మండలివాళ్లు దాన్ని ప్రపంచానికి ప్రదర్శించి చూపించారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతకాలొచ్చాయి. ఆడవాళ్ల కబడ్డీకి మాత్రం ఆ క్రీడల్లో చోటు దొరికింది 2010లో, గ్వాంగ్‌జౌలో. ఇరవై ఏళ్ల ఆలస్యం! అయినా వచ్చింది, ఎందుకంటే గీత ఎక్కడ గీయాలో, ఎవరు అవుటో కాగితం మీద ఉంది. రూలుకు లోబడితే దూకుడు ఆట అవుతుంది. రూలు రాసే దిక్కు లేకపోతే అదే దూకుడు గయ్యాళితనం అవుతుంది. మన అచ్చనగండ్లకు ఊరికో రూలున్నా, నలుగురూ ఒప్పుకుని రాసుకున్న కాగితం లేకపోయింది.

సంక్రాంతికి కాలనీల్లో ముగ్గుల పోటీలు పెడతాం. మంచిదే. కానీ ముగ్గులో ఎవరూ ఎవరినీ ఎదురుగా కూర్చుని ఓడించనక్కర్లేదు, అందంగా పెడితే చాలు. ఆడపిల్లలకు పోటీ అంటే అదొక్కటేనా? వచ్చే పండక్కి ముగ్గుల పక్కనే ఒక బొంత పరిచి, అయిదు రాళ్లు పెట్టి చూడండి. అమ్మమ్మల్నీ మనవరాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. రాయి కదిలిందో లేదో తేల్చడానికి మూడో మనిషినొకర్ని పెట్టండి. పాయింట్లు పలక మీద రాయండి.

ఒక్క సంగతి మాత్రం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి సుమా. రాయి గాల్లో ఉండగా "పాలు పొంగుతున్నయ్" అనొచ్చా, అనకూడదా?

నన్నడిగితే, అనొచ్చు.