పశువును బాధింపని విషము

1982 వ సంవత్సరమున అమెరికాలోని ఆరెగాన్, మిషిగాన్ రాష్ట్రములలో కనీసము 47 మందికి తీవ్రమైన కడుపునొప్పి, ఆపై రక్తవిరేచనములు కలిగెను. జ్వరము మాత్రము దాదాపు లేదు. విచారింపగా, రోగులలో అధికులు గొడ్డుమాంసపు ఖీమాతో చేసిన హాంబర్గర్లు తినినట్లు తేలెను. వారి మలమునందు దొరకిన బాక్టీరియా ఎషరీకియా కోలై. ఇదియే వింత. ఈ జాతి మనందరి ప్రేగులలోను నివసించుచునే యుండును. అందు పెక్కు రకములు నిరపాయకరములు. దొరకినది ఓ157:హెచ్7 అను అరుదైన రకము.

దీనికంత తీవ్రత ఎక్కడిది? సమాధానపు తునకలు వేరువేరు చోట్ల దొరకినవి. 1897 లో జపానులో కియోషి షిగా జిగట విరేచనములు కలిగించు బాక్టీరియాను కనుగొనెను. దాని విషమునకు ఆయన పేరే నిలిచినది. 1977 లో కెనడాలో కొనొవాల్చుక్ బృందము, కొన్ని ఇ. కోలై రకముల విషము కోతి మూత్రపిండమునుండి పెంచిన వీరో కణములను చంపుట గమనించెను. 1983 లో టొరంటోలో కర్మాలీ బృందము మరొక ముడి విప్పెను. పసిపిల్లలలో ఎర్ర రక్తకణములు చితికిపోయి, మూత్రపిండములు పనిచేయుట మానివేయు జబ్బు ఒకటి కలదు. దానికి ఈ విషోత్పాదక ఇ. కోలైయే కారణమని వారు చూపిరి. ఓ157 విషము షిగా విషమునకు దగ్గరి చుట్టమని కూడ తేలెను. దాని జన్యువును బాక్టీరియాలోనికి మోసికొని వచ్చినది ఒక వైరస్!

ఈ బాక్టీరియాకు ముఖ్య నివాసము పశువుల ప్రేగులు. అయినను పశువు హాయిగా మేయుచునే యుండును. కారణమేమన, ఈ విషము కణమును పట్టుకొనుటకు జీబీ3 అను కొవ్వు పదార్థము కావలెను. మన మూత్రపిండముల సన్నని రక్తనాళములలో అది సమృద్ధిగా నున్నది. పశువుల రక్తనాళములలో లేదు. కనుక పశువును చూచి ఇందు ప్రమాదమున్నదని పశువైద్యుడైనను చెప్పజాలడు.

వధశాలలో పేడ అంటిన మాంసమునకు పైభాగమే మలినమగును. వేడికి అది చచ్చును. ఖీమా కొట్టినపుడో, పైనున్నది లోనికి పోవును. పెక్కు పశువుల మాంసము ఒకటిగా కలియును. లోపల కూడ 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగులవలెను. 1993 లో సరిగా ఉడకని హాంబర్గర్ల వలన అమెరికా పశ్చిమ రాష్ట్రములలో 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. మరుసటి యేడు అచటి ప్రభుత్వము, ఓ157 ఉన్న పచ్చి ఖీమాను కల్తీ సరుకుగా ప్రకటించెను.

పచ్చిపాల ద్వారా కూడ ఇది సోకును. పాలు కాచి త్రాగు మన ఇండ్లలో ఆ భయము లేదు. కాని పేడ కలిసిన నీరు కూరగాయలను తాకవచ్చును. 1996 లో షిగా పుట్టిన జపానులోనే, సకాయ్ నగరమున వేలకొలది బడిపిల్లలు జబ్బుపడిరి. మధ్యాహ్న భోజనములో పెట్టిన ముల్లంగి మొలకలపై అనుమానము కలిగెను. కొన్ని ఆంటీబయాటిక్ మందులు బాక్టీరియానుండి మరింత విషమును వెలువరింపజేయును. కావున వైద్యులు వానికి జంకుదురు. రోగి శరీరములో నీరు తగ్గకుండ చూచుట, మూత్రపిండములు ఆగినచో డయాలిసిస్ చేయుట, ఇవియే నేటికిని ప్రధాన చికిత్సలు.