జనరల్ మోటార్స్ 1920: డబ్బుంది, కానీ ఎక్కడుందో తెలీదు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక కార్ల కంపెనీ మీద. కానీ కార్ల గురించి కాదు, కొనుగోళ్ల గురించి. బోర్ అనుకుని స్క్రోల్ చేసేయకండి, కంపెనీ పెట్టిన మనిషే బయటికి వెళ్లిపోయిన కథ ఇది.

విలియం డ్యూరాంట్ 1908లో జనరల్ మోటార్స్ పెట్టాడు. బ్యూక్, కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, ఇలా కంపెనీలు కొనుక్కుంటూ పోయాడు. ఏ డివిజన్‌కి ఆ డివిజన్ మేనేజరే రాజు. స్టీలు, రబ్బరు, పార్టులు ఎన్ని కావాలో ఆయనే ఆర్డర్ పెడతాడు. బ్యాంకు ఖాతా కూడా ఆయన చేతిలోనే. హెడ్డాఫీసులో డివిడెండ్‌కో జీతాలకో డబ్బు అవసరమైతే ట్రెజరర్ ఫ్లింట్ ఊరు వెళ్లి, బ్యూక్ వాళ్లతో ముందు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, తర్వాత మెల్లగా "కాస్త క్యాష్ సర్దుతారా" అని అడగాలి. సొంత కంపెనీలో చేబదులు అన్నమాట! బ్యూక్ వాళ్లేమో తమ దగ్గర ఎంతుందో చెప్పడమే లేటు చేసేవాళ్లు.

యుద్ధం అయ్యాక అందరూ కార్లు కొంటున్నారు, ధరలు పెరుగుతున్నాయి. రేపు ఇంకా పెరుగుతాయని మేనేజర్లు ఇవాళే సరుకు బుక్ చేసేశారు. 1920లో పై కమిటీలు స్టాకు 15 కోట్ల డాలర్లు దాటొద్దని పరిమితి పెట్టాయి. ఎవరు విన్నారు? అక్టోబర్ కల్లా 20.9 కోట్లకు చేరింది. అంటే 5.9 కోట్లు ఎక్కువ. సెప్టెంబర్‌లోనే ఫోర్డ్ మోడల్ టి ధర 575 నుంచి 440 డాలర్లకు దించేసింది, మార్కెట్ పడిపోయింది. ఏడాది చివరికి జీఎం ప్లాంట్లు చాలావరకు మూతపడ్డాయి, లేదా నామమాత్రంగా నడిచాయి. సొంత షేర్ల ధర నిలబెట్టాలని అప్పులు చేసి మునిగిపోయిన డ్యూరాంట్ నవంబర్ 30న దిగిపోయాడు.

ఇక్కడ నాకు నచ్చిన మనిషి జాన్ ప్రాట్. స్టాకు సంగతి చూడమని ఆయనకు ఒక కమిటీ అప్పగించారు. మొదటి పని, కొనడం ఆపండి, దారిలో ఉన్న సరుకూ ఆపండి అని అన్ని డివిజన్లకూ ఉత్తరం. తర్వాత ఒక్కో ప్లాంటుకి వెళ్లి మేనేజర్‌తో కూర్చున్నారు. గోడౌన్లో ఏముంది అనే కాదు, ఇంకా రాని ఆర్డర్లు ఎన్ని అని కూడా చూశారు. అసలు పాయింట్ ఇదే. కార్డు మీద ఈఎంఐలు పెట్టి, బ్యాంకు బ్యాలెన్స్ చూసి "బానే ఉందిగా" అనుకుంటాం చూడండి, సేమ్ అదే. ఖర్చు పుట్టేది బిల్లు కట్టినప్పుడు కాదు, ఆర్డర్ పెట్టినప్పుడు. నేను ఉద్యోగంలో పర్చేజ్ ఆర్డర్ అప్రూవల్ స్క్రీన్లు కోడ్ చేసినప్పుడు, ఇన్ని క్లిక్కులు దేనికిరా బాబూ అని విసుక్కునేవాణ్ణి. దాని వెనకున్నది ఇలాంటి దెబ్బలే.

ఆ తర్వాత ప్రతి నెలా డివిజన్లు రాబోయే నాలుగు నెలల అమ్మకాల అంచనా, దానికి కావాల్సిన సరుకూ జీతాల లెక్కా పంపాలి, అది ఒప్పుకుంటేనే కొనాలి అనే పద్ధతి వచ్చింది. 1922లో బ్యాంకు ఖాతాలన్నీ కార్పొరేషన్ పేరు మీదకి మార్చి, డబ్బు తీసే అధికారం ఫైనాన్స్ వాళ్లకు ఇచ్చారు. అదే ఏడాది జనరల్ పర్చేజింగ్ కమిటీ. తెలివైన విషయం ఏంటంటే, అందులో ఎక్కువమంది డివిజన్ల వాళ్లే. పైనుంచి రుద్దితే లెక్క దాచేస్తారని బ్యూక్ అప్పటికే నేర్పింది కదా!

ఇదంతా నడిపించిన ఆల్ఫ్రెడ్ స్లోన్ మనలాగే ఇంజనీర్, ఎంఐటీలో ఎలక్ట్రికల్. 1923లో ప్రెసిడెంట్ అయ్యాడు. అయినా 1924లో మళ్లీ తగిలింది. కొన్న సరుకు లెక్క దొరికింది గానీ, తయారైన కార్లు డీలర్ దగ్గర అమ్ముడవుతున్నాయా లేదా అన్నది కనిపించలేదు. ఆయనే సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ, లాస్ ఏంజిలిస్ తిరిగి, యార్డుల్లో నిండుగా నిలబడ్డ కార్లు కళ్లారా చూసి, ఉత్పత్తి తగ్గించమని ఆర్డరేశాడు. అక్కణ్ణుంచి డీలర్లు పది రోజులకోసారి ఎన్ని అమ్మారో, ఎన్ని మిగిలాయో రాసి పంపడం మొదలైంది.