డుంబ్రిగుడ పొడవెంత?

"డుంబ్రిగుడ" అన్న మాటలో ఎన్ని అక్షరాలు? బడిపిల్లవాణ్ణి అడిగితే డుం, బ్రి, గు, డ అని వేళ్ళు మడిచి నాలుగంటాడు. పీహెచ్‌పీని అడిగితే 30 అంటుంది. జాలంలో తెలుగు పడిన పాట్లలో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

డుంబ్రిగుడ అరకు నుండి పాడేరు వెళ్ళే దారిలోని మండల కేంద్రం. చాపరాయి జలపాతం ఆ మండలంలోదే. 2022 దాకా విశాఖ జిల్లాలో ఉండేది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మన్యం ఊళ్ళ పేర్లతో ఒకప్పుడు నేనొక చిన్న పట్టిక పుట నడిపాను. పేరు పొడవైతే 20 దగ్గర కత్తిరించమని రాసుకున్నాను. డుంబ్రిగుడ కాస్తా "డుంబ్ర" అయి, పక్కన నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం వెలిసింది. అది చూసీ చూడనట్టు ఊరుకున్నాను (బద్ధకం!). సర్వరులో పీహెచ్‌పీ 5.4 పెట్టిన మర్నాడు ఆ ఊరు పూర్తిగా మాయమైంది. అరకు ఉంది, పాడేరు ఉంది. డుంబ్రిగుడ లేదు, హుకుంపేట లేదు. దోషసందేశం ఒక్కటీ లేదు.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో పీహెచ్‌పీని విడుదల చేసేనాటికే, అంటే 1991 నుండే, యూనికోడులో తెలుగుకు చోటుంది. కానీ పీహెచ్‌పీ దృష్టిలో మాట అంటే బైట్ల వరుస మాత్రమే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. డుంబ్రిగుడలో గుణింతపు గుర్తులూ, సున్నా, పొల్లూ కలిపి సంకేతాలు 10, బైట్లు 30. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీలోనూ పుట శీర్షికకు హద్దు 255 బైట్లు. ఆంగ్లానికి 255 అక్షరాలు దక్కే చోట మనకు 85 సంకేతాలే దక్కుతాయి.

ఈ లోపాన్ని మూలంలోనే సరిదిద్దాలని 2005లో పీహెచ్‌పీ 6 తలపెట్టారు. 2010లో విరమించుకున్నారు. 2015లో ఆరు లేకుండానే ఏడు వచ్చింది.

ఉచిత సర్వరులో ఎక్స్‌డీబగ్ ఉండదు, లాగ్ చూసే వీలుండదు. మిగిలింది మనందరి పాత పద్ధతే: అడుగడుగునా వార్‌_డంప్ పెట్టి అచ్చు వేయించడం. కత్తిరించిన తరువాత పొడవు 20. హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ దాటాక 0. దొంగ దొరికాడు. ఇరవై బైట్లంటే ఆరు సంకేతాలూ, ఏడవదానిలో రెండు ముక్కలూ. 5.4 నుండి ఆ ఫంక్షను తనకిచ్చినది యూటీఎఫ్-8 అనే అనుకుంటుంది. ఒక్క బైటు చెడినా మొత్తం మాటనే ఖాళీ చేసి చేతికిస్తుంది. చెడ్డ బైటు చోట వజ్రం గుర్తు పెట్టి ఊరుకోవడం 8.1లో గానీ అలవాటు కాలేదు.

బిన్2హెక్స్ ఇంకా మంచి నేస్తం. "డ" సవ్యంగా ఉంటే ఈ0 బీ0 ఏ1 అని చూపుతుంది. సీ3 ఏ0తో మొదలైతే డేటాబేసు దారిలో ఎవరో దాన్ని లాటిన్ అనుకుని రెండోసారి మార్చారన్నమాట. తెర మీద వాలుగీత పెట్టుకున్న ఆంగ్ల ఏలు బారులు తీరడం మీరంతా చూసే ఉంటారు.

ఇక లెక్క మాటకొస్తే, ఎంబీ_స్ట్రెలెన్ 10 అంటుంది. గ్రాఫీమ్_స్ట్రెలెన్ చాలాకాలం 5 అంది. పొల్లు దగ్గర "బ్రి"ని రెండుగా చీల్చేది. 2023లో యూనికోడు 15.1 తెలుగు ఒత్తులను కలిపి లెక్కించే నియమం తెచ్చాక, ఆ నియమం చేరిన సర్వర్లలో జవాబు 4. బడిపిల్లవాడి లెక్కకు చేరడానికి 1995 నుండి ఇరవై ఎనిమిదేళ్ళు!

నా పట్టికలో ఇప్పుడు కత్తెరే లేదు. హుకుంపేట కూడా తిరిగి వచ్చింది.