పద్నాలుగేళ్లు బతికిన ఆర్డినెన్స్: బిహార్ గెజిట్ నుంచి ఒక పౌరుడు తీసిన లెక్క

బిహార్‌లో చెరకు సరఫరా, కొనుగోళ్లను నియంత్రించేందుకు 1968 జనవరిలో గవర్నర్ ఒక ఆర్డినెన్స్ జారీ చేశారు. శాసనసభ ఆమోదం లేకుండా ఆర్డినెన్స్ అమల్లో ఉండగలిగేది గరిష్ఠంగా ఏడున్నర నెలలు. ఈ ఆర్డినెన్స్ మాత్రం 13 సంవత్సరాల 11 నెలల 19 రోజులు అమల్లో ఉంది. ఆ కాలంలో రాష్ట్రంలో 1969, 1972, 1977, 1980లలో నాలుగుసార్లు శాసనసభ ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ ప్రభుత్వాలు, సంకీర్ణాలు, జనతా పార్టీ ప్రభుత్వం, రాష్ట్రపతి పాలన వచ్చి వెళ్లాయి. ఆర్డినెన్స్ మాత్రం చట్టం కాలేదు, రద్దూ కాలేదు.

ఈ ఆయుర్దాయాన్ని రోజులతో సహా లెక్కగట్టినవారు పుణెలోని గోఖలే రాజనీతి, అర్థశాస్త్ర సంస్థలో ఆచార్యుడు డి.సి. వాధ్వా. ఆయన న్యాయవాది కాదు, రాజకీయ నాయకుడూ కాదు. బిహార్‌లో భూమి హక్కుల వ్యవస్థపై పరిశోధన చేస్తూ, ఒకే ఆర్డినెన్స్ మళ్లీ మళ్లీ వెలువడుతున్న సంగతిని గమనించారు. ఆ పరిశీలన నుంచి 1983లో ఒక పుస్తకం, 1984లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్లు, 1986 డిసెంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వెలువడ్డాయి. ప్రభుత్వాలు రాజ్యాంగ మర్యాదను మీరుతున్న తీరును సామాన్య పౌరుడు నమోదు చేయడమంటే ఏమిటో తెలుసుకోవడానికి మన దేశంలో దీనికి మించిన ఉదాహరణ అరుదు.

ఏడున్నర నెలల లెక్క

రాజ్యాంగంలోని 213వ అధికరణం గవర్నర్‌కు, 123వ అధికరణం రాష్ట్రపతికి ఆర్డినెన్స్ జారీ చేసే అధికారాన్ని ఇస్తున్నాయి. చట్టసభ సమావేశంలో లేనప్పుడు, తక్షణ చర్య తప్పనిసరైన పరిస్థితి ఉన్నదని వారు భావించినప్పుడే ఈ అధికారం వర్తిస్తుంది. ఆచరణలో నిర్ణయం మంత్రివర్గానిదే. సభ తిరిగి సమావేశమైనప్పుడు ఆర్డినెన్స్‌ను సభ ముందుంచాలి. సభ దానిని తిరస్కరిస్తే అప్పుడే, ఏమీ చేయకపోతే సమావేశమైన నాటి నుంచి ఆరు వారాలకు, అది రద్దవుతుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించిన విరామం ఉండకూడదు కనుక, ఆరు నెలలు, ఆరు వారాలు కలిపి ఏడున్నర నెలలు.

బిహార్‌లో జరిగినది ఇది. సభ సమావేశమయ్యేది. ఆర్డినెన్సుల స్థానంలో బిల్లులు వచ్చేవి కావు. సమావేశాలు ముగిసి సభను ప్రొరోగ్ చేయగానే, గడువు తీరబోతున్న ఆర్డినెన్సులన్నీ దాదాపు అవే నిబంధనలతో, కొత్త సంఖ్యతో మళ్లీ వెలువడేవి. విడిగా చూస్తే ప్రతి ఆర్డినెన్సూ సక్రమమే. గవర్నర్ సంతకం ఉంది, గెజిట్ ప్రకటన ఉంది, సభ ఆ రోజు సమావేశంలో లేదు. లోపం ఏ ఒక్క కాగితంలోనూ కనిపించదు. తేదీలను పక్కపక్కన పేర్చినప్పుడే కనిపిస్తుంది.

ఇక్కడ భాషకు సంబంధించిన చిన్న ప్రస్తావన. ‘జారీ’ అనే మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మూలార్థం ప్రవహించేది, సాగుతూ ఉండేది. హిందీలో నేటికీ ‘జారీ హై’ అంటే ‘కొనసాగుతోంది’ అని అర్థం. తెలుగులో మనం ‘వెలువరించడం’ అనే అర్థాన్నే నిలుపుకున్నాం. బిహార్ ఆర్డినెన్సులకు రెండర్థాలూ సరిపోయాయి. ఈ ఆచారానికి తెలుగు పత్రికల్లో స్థిరపడిన పేరు లేదు కనుక ఈ వ్యాసంలో ‘పునర్జారీ’ అంటున్నాం.

లెక్క ఎలా తీశారు

కొత్త సంఖ్యతో, కొత్త సంవత్సరంతో వెలువడిన ఆర్డినెన్స్ పాతదానికి కొనసాగింపే అని తేల్చడం ఇందులోని అసలు శ్రమ. కొన్నిసార్లు పేరే ఆనవాలు పట్టిస్తుంది. వాధ్వా సవాలు చేసిన ఆర్డినెన్సులలో ఒకటి అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణకు సంబంధించిన 1983 నాటి ‘మూడవ’ ఆర్డినెన్స్. ఒకే ఏడాదిలో, ఒకే విషయంపై మూడవది. ఇలా ముడులు విప్పుకుంటూ వెళ్లగా, 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులు పునర్జారీలతో సజీవంగా ఉన్నాయని తేలింది. వాటిలో కొన్ని ఏడాది లోపు ముగిశాయి, కొన్ని పద్నాలుగేళ్ల దాకా సాగాయి. వాటిలో 69 ఆర్డినెన్సులను రాష్ట్రపతి ముందస్తు అనుమతితోనే పొడిగిస్తూ వచ్చారు. అంటే ఢిల్లీకి కూడా తెలుసు.

సంఖ్యల కన్నా బలమైన సాక్ష్యం ఒక సర్క్యులర్. 1981 జులైలో సభ ప్రొరోగ్ అయిన మరునాడు, రాష్ట్ర శాసనసభా వ్యవహారాల శాఖ అధికారి ఒకరు ఇతర శాఖలకు ఉత్తరం పంపారు. ఆర్డినెన్సుల గడువు ఆగస్టు 11తో తీరిపోతున్నది కనుక ఆలోగా అన్నింటినీ పునర్జారీ చేయించాలన్నది దాని సారాంశం. మార్పులు లేకుండా యథాతథంగా పునర్జారీ చేసేటట్లయితే మంత్రివర్గ ఆమోదం కూడా అక్కరలేదని అందులో ఉంది. తక్షణ అవసరం ఉన్నదా అనే ప్రశ్న ఏ స్థాయిలోనూ ఎవరూ వేసుకోలేదని ప్రభుత్వ లేఖే చెబుతోంది. వాధ్వా సేకరణలో విమర్శకుల మాటలకన్నా ఇటువంటి కాగితాలకు ప్రాధాన్యం ఉండడం వల్లనే దానిని కాదనడం ప్రభుత్వానికి సాధ్యపడలేదు.

ఈ విషయం మీకెందుకని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. రాజ్యాంగబద్ధంగా చేసిన చట్టాలతోనే తనను పాలించాలని కోరే హక్కు ప్రతి పౌరుడికీ ఉన్నదంటూ ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. పునర్జారీని రాజ్యాంగానికి చేసిన మోసంగా అభివర్ణించి, అప్పటికి అమల్లో ఉన్న ఇంటర్మీడియట్ విద్యామండలి ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. వాధ్వా శ్రమకు కృతజ్ఞత తెలిపి, ఆయనకు ఖర్చుల కింద రూ.10,000 చెల్లించాలని ఆదేశించింది.

తీర్పు తర్వాత

అయితే ఆ తీర్పులో ఒక సందు మిగిలింది. సభకు పని ఒత్తిడి ఎక్కువై వ్యవధి చాలకపోతే పునర్జారీ చేయవచ్చునని ధర్మాసనం అన్నది. ఈ వెసులుబాటును తర్వాతి ప్రభుత్వాలు ధారాళంగా వాడుకున్నాయి. సెక్యూరిటీల చట్టాల సవరణ ఆర్డినెన్స్‌ను యూపీఏ ప్రభుత్వం 2013–14లో మూడుసార్లు తెచ్చింది. భూసేకరణ చట్ట సవరణ ఆర్డినెన్స్‌ను ఎన్డీయే ప్రభుత్వం 2014 డిసెంబరు, 2015 మే మధ్య మూడుసార్లు జారీ చేసింది. రెండవసారి జారీకి వీలుగా రాజ్యసభను మార్చి 28న ప్రొరోగ్ చేశారు. శత్రు ఆస్తుల ఆర్డినెన్స్ 2016లో అయిదుసార్లు వెలువడింది. కేరళలో 2022 ఆగస్టులో గవర్నర్ పునర్జారీకి సంతకం చేయకపోవడంతో 11 ఆర్డినెన్సులు ఒక్కసారిగా మురిగిపోయాయి. ఏ పార్టీకీ ఇందులో మినహాయింపు లేదు.

బిహార్‌లోనే 1989లో 429 ప్రైవేటు సంస్కృత పాఠశాలలను ఆర్డినెన్స్ ద్వారా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వరుస ఆర్డినెన్సులతో 1992 ఏప్రిల్ దాకా సాగించి వదిలేసింది. తాము ప్రభుత్వోద్యోగులమా కాదా అన్నది తేలడానికి అక్కడి ఉపాధ్యాయులు 2017 జనవరి 2 వరకు వేచి ఉండవలసి వచ్చింది. కాదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. హైకోర్టు ఆదేశాల మేరకు చెల్లించిన జీతాలను మాత్రం వెనక్కి తీసుకోరాదన్నది. పునర్జారీ రాజ్యాంగాన్ని మోసగించడమేనని మళ్లీ చెప్పింది. ఆర్డినెన్స్‌ను సభ ముందుంచడం తప్పనిసరి అని మెజారిటీ స్పష్టం చేసింది.

ఆ తీర్పుకు తెలుగునాటితోనూ సంబంధం ఉంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వంటి గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది ఆర్డినెన్స్‌తోనే. దానినీ వరుస ఆర్డినెన్సులతో కొనసాగించి, ఆ తర్వాతే చట్టం చేశారు. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆర్డినెన్స్ మురిగిపోయినా పోయిన పదవులు తిరిగిరావన్న నాటి వాదసరళిని 2017 ధర్మాసనం అంగీకరించలేదు. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదేనని చాలామంది భావిస్తారు. ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. కానీ నచ్చిన ఆర్డినెన్స్‌ను లెక్కలో చేర్చకపోతే, అది పార్టీ కరపత్రం అవుతుందే కాని పౌరుడి రికార్డు కాదు.

నేడు ఇటువంటి లెక్క కట్టదలచినవారికి వాధ్వా పడిన శ్రమలో కొంత తగ్గింది. కేంద్ర, రాష్ట్ర గెజిట్లు ఆన్‌లైన్‌లో లభిస్తున్నాయి. సభా కార్యకలాపాల బులెటిన్లు ఉన్నాయి. దొరకని కాగితానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. పట్టికలో ఉండవలసినవి ఆర్డినెన్స్ సంఖ్య, జారీ అయిన తేదీ, దానికి ముందున్న ఆర్డినెన్స్ సంఖ్య, సభ సమావేశమైన, ప్రొరోగ్ అయిన తేదీలు, బిల్లు వచ్చిన తేదీ. వీటితోపాటు సభ ముందుంచిన తేదీకీ ఒక గడి ఉండాలి. సంస్కృత పాఠశాలల ఆర్డినెన్సుల విషయంలో మొదటి నుంచి చివరి దాకా ఖాళీగా మిగిలినది ఆ గడే.