ట్రావెల్ టిప్స్: ఏడాది లోపు బిడ్డతో దూర ప్రయాణమా? టికెట్ కంటే ముందు బిడ్డ టైమ్‌టేబుల్ చూడండి

సెలవులొచ్చాయి. ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లొద్దాం అనుకున్నారు. తాతయ్యకి బీచ్ చూడాలని ఉంది. పెద్దోడికి రైలు కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది. నాన్నకి మూడు రోజుల్లో ఆరు స్పాట్లు కవర్ చేసేయాలని ఉంది. మరి ఎనిమిది నెలల చంటిదానికి ఏం కావాలి? టైమ్‌కి పాలు, టైమ్‌కి నిద్ర, పొడిగా ఉన్న డైపర్. అంతే. ఈ మూడూ అందితే ట్రిప్ మొత్తం హ్యాపీ. ఒక్కటి తప్పినా ఏడ్చేది ఒక్కరే, కానీ నిద్ర పోయేది బోగీ మొత్తానికి.

చాలా ట్రిప్పులు చెడేది ఇక్కడే. ప్లానంతా పెద్దవాళ్లు వేసేసుకుని, చివర్లో బిడ్డని కూడా లగేజీతో పాటు చేర్చేస్తారు. దాన్ని తిరగేసి చూడండి. ముందు బిడ్డ ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది అనేది ఒక కాగితం మీద రాసుకోండి. రైలు, హోటల్, స్పాట్లు అన్నీ దాని చుట్టూ పెట్టుకోండి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్లే హైదరాబాద్-విశాఖ-అరకు ట్రిప్‌నే ఉదాహరణగా తీసుకుని, ఒక్కో స్టెప్ చూద్దాం.

ముందు డాక్టర్‌తో ఓ మాట

బయల్దేరడానికి రెండు, మూడు వారాల ముందే పిల్లల డాక్టర్‌ని కలవండి. మొదటి రెండు, మూడు నెలల్లో బిడ్డకి ఇన్ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి. అర్జెంట్ కాకపోతే ఆ వయసులో రద్దీ ప్రయాణాలు వాయిదా వేసుకోవడమే మంచిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నా డాక్టర్ ఓకే అన్నాకే టికెట్ తీయండి.

టీకాల తేదీలు కూడా చూసుకోవాలి. 6, 10, 14 వారాలకు, ఆ తర్వాత 9 నెలలు నిండాక ముఖ్యమైన టీకాలుంటాయి. టీకా వేసిన ఒకటి, రెండు రోజులు జ్వరం, చిరాకు మామూలే. అందుకే టీకా ముందే వేయించేసి, రెండు మూడు రోజులు ఆగి బయల్దేరండి. ట్రిప్ కోసం టీకా మానేయొద్దు.

ట్రైనా, ఫ్లైటా, కారా?

హైదరాబాద్ నుంచి విశాఖకి రైల్లో సుమారు 700 కిలోమీటర్లు. మూడు దారులూ ఉన్నాయి.

● రాత్రి రైలు: గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటివి సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతాయి. బిడ్డ రాత్రి నిద్ర చాలావరకు రైల్లోనే అయిపోతుంది. ఏడాది లోపు పిల్లలకి ఇదే బెస్ట్.

● వందేభారత్: 2023 జనవరి 15న సికింద్రాబాద్-విశాఖ మధ్య మొదలైంది. దాదాపు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. కానీ అన్నీ సీట్లే, పడుకోబెట్టడానికి బెర్త్ ఉండదు. అంతసేపు బిడ్డ ఒడిలోనే ఉండాలి. ఎత్తుకోవడానికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లుంటేనే ఆలోచించండి.

● ఫ్లైట్: గాల్లో ఉండేది గంటన్నర లోపే. రెండేళ్ల లోపు బిడ్డ ఒడిలో కూర్చోవచ్చు. అయితే పూర్తిగా ఫ్రీ కాదు, ఇన్‌ఫెంట్ చార్జీ ఉంటుంది. వయసు ప్రూఫ్ తప్పనిసరి. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే సీటు టికెట్ తీయాల్సిందే. ఫ్లైట్ పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టండి. మింగుతూ ఉంటే చెవి నొప్పి తగ్గుతుంది.

● కారు: ఎక్కడైనా ఆపుకోవచ్చు, అదొక్కటే ప్లస్. కానీ బిడ్డని ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం చాలా ప్రమాదం. సడన్ బ్రేక్ పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతుల్లో ఆగదు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ కార్ సీటే సేఫ్. 14 ఏళ్ల లోపు పిల్లల్ని సీట్ బెల్ట్ లేదా చైల్డ్ సీట్ లేకుండా కూర్చోబెడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. రెండు గంటలకోసారి ఆపి, బిడ్డని సీట్లోంచి తీసి కాసేపు ఎత్తుకోండి.

టికెట్ బుకింగ్‌లో ఇవి మర్చిపోవద్దు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు. దసరా, సంక్రాంతి టైమ్‌లో విశాఖ రైళ్లు ఎంత ఫాస్ట్‌గా నిండిపోతాయో తెలిసిందే. తత్కాల్ మీద ఆశ పెట్టుకుని చంటిబిడ్డతో బయల్దేరొద్దు.

5 ఏళ్ల లోపు పిల్లలకి బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. విడిగా బెర్త్ కావాలంటే మాత్రం పెద్దవాళ్ల చార్జీ మొత్తం కట్టాలి. బడ్జెట్ ఉంటే ఆ బెర్త్ దండగ కాదు. బిడ్డ బ్యాగ్, డైపర్లు, ఆటబొమ్మలు అన్నీ దాని మీదే.

తల్లికి లోయర్ బెర్త్ దొరకడం ముఖ్యం. బుకింగ్ పేజీలో కనీసం ఒక్క లోయర్ బెర్త్ వస్తేనే టికెట్ ఇవ్వమనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. నాన్నమ్మ, అమ్మమ్మ తోడుంటే అందరినీ ఒకే టికెట్‌లో పెట్టండి. సైడ్ లోయర్ మాత్రం వద్దు. రాత్రంతా వచ్చిపోయేవాళ్లు తగులుతూనే ఉంటారు. సెకండ్ ఏసీలో కర్టెన్లు ఉంటాయి, పాలిచ్చే తల్లికి కాస్త ప్రైవసీ. థర్డ్ ఏసీలో అయితే ఒక చున్నీ గానీ, పెద్ద కాటన్ టవల్ గానీ దగ్గర పెట్టుకోండి.

రైల్లో రాత్రి ఎలా?

ఇంట్లో ఎనిమిదింటికి పడుకునే బిడ్డని రైల్లోనూ ఎనిమిదింటికే పడుకోబెట్టండి. అదే దుప్పటి, అదే జోలపాట. కొత్త చోటని బిడ్డకి తెలిసేది వాసనతో, చప్పుడుతో. అందుకే ఉతికిన కొత్త దుప్పటి కంటే ఇంట్లో వాడుతున్నదే తీసుకెళ్లండి.

బిడ్డ గోడ వైపు, పెద్దవాళ్లు బయటి వైపు పడుకోవాలి. రైలు దుప్పటి బిడ్డ ముఖం మీదకి రాకుండా చూడండి. ఏసీ చలికి టోపీ, సాక్సులు, పొడుగు చేతుల చొక్కా చాలు.

రెండు బెర్తుల మధ్య చీర కట్టి ఉయ్యాల ఊపడం మనవాళ్లకి అలవాటే. రైలు కుదుపుకి ముడి జారొచ్చు, ఉయ్యాల వెళ్లి బెర్త్ అంచుకి తగలొచ్చు. ఇంట్లో ఓకే గానీ, కదిలే రైల్లో వద్దు. ఊపితేనే పడుకునే బిడ్డ అయితే బేబీ క్యారియర్‌లో గుండెకి ఆన్చుకుని కాసేపు నడవండి.

రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా, బిడ్డకి బాగోకపోయినా 139కి కాల్ చేయండి.

పాలు, ఉగ్గు, నీళ్లు

● ఆరు నెలల లోపు తల్లిపాలు తాగే బిడ్డకి ఎండాకాలంలో కూడా విడిగా నీళ్లు అక్కర్లేదు. తరచుగా పాలిస్తే చాలు. తల్లి మాత్రం నీళ్లు బాగా తాగాలి.

● పిండిన తల్లిపాలు మామూలు గదిలో 4 గంటల వరకు ఉంటాయి. ఎండలో, వేడి బోగీలో అంతసేపు ఉంచొద్దు.

● పౌడర్ పాలు ఇంటి దగ్గరే కలిపి సీసాల్లో నింపుకోవద్దు. పౌడర్ వేరుగా, మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో వేరుగా తీసుకెళ్లి, అవసరమైనప్పుడే కలిపి, చల్లార్చి పట్టండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి. బిడ్డ తాగి వదిలేసిన పాలు మళ్లీ పట్టొద్దు, పారబోయండి.

● ఆరు నెలలు దాటితే ఇంట్లో చేసిన ఉగ్గు పొడి, రాగి పిండి బెస్ట్. వేడినీళ్లుంటే హోటల్ గదిలోనే ఉగ్గు రెడీ. అరటిపండు ఎక్కడైనా దొరుకుతుంది. కొత్త తిండి ఏదీ ట్రిప్‌లో మొదలుపెట్టొద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె అస్సలు నాకించొద్దు.

బ్యాగ్‌లో ఏముండాలి?

పెద్ద సూట్‌కేసు సీటు కిందకి పోతుంది, అర్ధరాత్రి దాన్ని లాగలేరు. అందుకే బిడ్డకి ఒక చిన్న బ్యాగ్ విడిగా పెట్టండి. అందులో:

● ప్రయాణంలో రెండు గంటలకి ఒకటి లెక్కన డైపర్లు, పైన ఇంకో నాలుగు
● మూడు జతల బట్టలు, తల్లికి కూడా ఒక జత. కక్కేది ఎక్కువగా అమ్మ మీదే
● ప్లాస్టిక్ షీట్, తడి గుడ్డలు, వాడిన డైపర్లకి కవర్లు
● థర్మామీటర్, డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు, బిడ్డ బరువుకి ఎంత డోసో రాసిన చీటీ
● ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
● టీకా కార్డు, బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్, ఆధార్ ఉంటే అది
● మడిచే దోమతెర

ఓఆర్‌ఎస్ గురించి ఒక మాట. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లలోనే మొత్తం కలపాలి. అందాజాగా సగం పొడి సీసాలో వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయాలి. షాపుల్లో దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. సరైన ఫార్ములా లేని డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దీనికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్.

విశాఖ, అరకు: రోజుకి ఒక్క స్పాటే

తెల్లారి విశాఖలో దిగి, అదే పొద్దున కిరండూల్ రైలెక్కి అరకు పోదాం అని చాలామంది ప్లాన్ వేస్తారు. పెద్దవాళ్లకి ఓకే. రాత్రంతా రైల్లో ఉన్న బిడ్డకి వెంటనే ఇంకో నాలుగు గంటల రైలంటే కష్టం.

మొదటి రోజు: నేరుగా హోటల్‌కి. గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వమంటారు కాబట్టి, పొద్దున్నే చెక్ఇన్ కావాలని బుక్ చేసేటప్పుడే మాట్లాడుకోండి. స్నానం, నిద్ర. ఎండ తగ్గాక ఆర్కే బీచ్. ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ కంటే నీడే మంచిది.

రెండో రోజు: పొద్దున్నే కైలాసగిరి. సాయంత్రం కావాలంటే బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. లోపల ఇరుకు, తలుపులు చిన్నవి. ఒకరు బిడ్డతో బయట ఉండి, వంతులవారీగా చూసి రండి.

మూడో రోజు: అరకు. రైలు సొరంగాలు, అద్దాల విస్టాడోమ్ బోగీ పెద్దోడికి పండగే. సొరంగంలో చీకటి, చప్పుడుకి చంటిది ఉలిక్కిపడొచ్చు, దగ్గరగా పట్టుకోండి. రోడ్డు మీదైతే ఎస్.కోట, అనంతగిరి మీదుగా సుమారు 115 కిలోమీటర్ల దూరం. ఘాట్ మొదలవ్వకముందే ఒకసారి ఆపండి. రాత్రికి అరకులోనే ఉండిపోండి.

నాలుగో రోజు: పద్మాపురం గార్డెన్స్ లేదా ట్రైబల్ మ్యూజియం, ఏదో ఒకటి. తిరిగొచ్చేటప్పుడు బొర్రా గుహలు చూడాలంటే బిడ్డని స్త్రోలర్‌లో తీసుకెళ్లలేరు. మెట్లు ఎక్కువ, తడి ఉంటుంది. క్యారియర్ తప్పనిసరి, లేదంటే ఇక్కడ కూడా వంతులే.

డిసెంబర్, జనవరిలో అరకు చలి గట్టిగా ఉంటుంది. ఒక్క మందపాటి స్వెట్టర్ కంటే రెండు మూడు పల్చటి బట్టలు వేస్తే తీయడం, వేయడం తేలిక.

అమ్మకి కూడా ఇది సెలవే

ఫొటోల్లో అందరూ నవ్వుతుంటారు, అమ్మ మాత్రం ఒక్క ఫొటోలో కూడా ఉండదు. డైపర్ మార్చేది ఆమే, సీసా కడిగేది ఆమే, రాత్రి లేచేది ఆమే. ఇల్లు మారింది గానీ పని మారలేదు. అందుకే బయల్దేరకముందే పనులు పంచుకోండి. రాత్రి పాలిచ్చాక బిడ్డని భుజాన వేసుకునేది, తేన్పించేది నాన్న. పొద్దున స్నానం నాన్నమ్మ. డైపర్ల లెక్క తాతయ్య. రోజూ రెండు గంటలు అమ్మ ఒక్కతే పడుకోవాలన్నా, సముద్రం చూస్తూ కూర్చోవాలన్నా ఆమె ఇష్టం. అది కూడా ప్లాన్‌లో రాసుకోండి.

ఇవి కనిపిస్తే ట్రిప్ ఆపేయండి

● మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ జ్వరం ఉంటే వెంటనే ఆస్పత్రికి
● ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, నోరు ఎండిపోవడం, మాడు గుంట పడటం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం
● పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండటం
● ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, ఫిట్స్
● ఆయాసం, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరడం

ఇలాంటప్పుడు "ఇంకో రోజు చూద్దాం, టికెట్ డబ్బులు పోతాయి" అనుకోవద్దు. 108కి కాల్ చేయండి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంబులెన్స్ వస్తుంది. వెళ్లే చోట పిల్లల డాక్టర్ ఉన్న ఆస్పత్రి ఎక్కడుందో ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కొండ మీద సిగ్నల్ ఉండకపోవచ్చు, కాగితం మీద కూడా రాసుకోండి.

నాలుగు రోజుల్లో ఆరు స్పాట్లు అవ్వలేదా? పర్లేదు. బొర్రా గుహలు ఎక్కడికీ పోవు. చంటిదానికి నడక వచ్చాక మళ్లీ వెళ్లొచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. బిడ్డ ఆరోగ్యం, మందుల విషయంలో మీ పిల్లల డాక్టర్ చెప్పిందే ఫైనల్. రైలు, విమాన నిబంధనలు మారుతుంటాయి, బుక్ చేసే ముందు ఒకసారి చెక్ చేసుకోండి.