లోతునీటిలో ప్రాణవాయువు

1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున జె. బి. ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు కాలధర్మము నొందెను. ఆయన ఇంగ్లండున జన్మించి, 1957లో మన దేశమునకు వచ్చి, పిమ్మట భారత పౌరుడైనవాడు. ఆయన కోరిన ప్రకారము ఆ దేహమును దహింపక, వైద్య విద్యార్థుల యభ్యాసమునకై మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపిరి. ఆ దేహము బ్రతికియున్న నాళ్లలోనే పెక్కు పరీక్షలకు లోనైనది. వెన్నుపూసలు నలిగినవి, కర్ణభేరికి చిల్లి పడినది. ఆ దెబ్బలు దేనికొరకు తిన్నాడో నేడు మీకు మనవి చేసెదను.

ఈ సంగతి నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు మా మేనల్లుని యుత్తరము కారణము. వాడు అండమాను దీవులకు పోయి, గాలి సిలిండరు వీపున గట్టుకొని సముద్రమున మునుగు విద్యను వేడుకగా నేర్చుకొనుచున్నాడు. “మామయ్యగారూ, ఇచ్చట మామూలు గాలియే గాక, ప్రాణవాయువు పాలు హెచ్చించిన గాలిని గూడ నింపి యిత్తురు. దానికి రుసుము వేరు. వచ్చే వారము 130 అడుగులకు దిగదలచితిని. ఆ గాలి తీసికొన్నచో మేలేనా?” అని వ్రాసెను. ఆ యుత్తరము మా చెల్లెలి చేతిమీదుగా వచ్చినది. “అన్నయ్యా, అసలు దిగవద్దని వ్రాయుము” అని అడుగున ఆమె వ్రాత. ఇద్దరికిని ఒకే జవాబు వ్రాయవలసి వచ్చినది. అందుకై పాత పుస్తకములు మరల తిరుగవేసితిని.

మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. దీనినే ఆమ్లజని యందురు. మిగిలినది దాదాపుగా నత్రజని. నీటిలో 33 అడుగులు దిగినకొలది మీద మరియొక వాతావరణపు బరువు పడును. ఆ ఒత్తిడికి నత్రజని రక్తమాంసములలో కరగిపోవును. దిగియుండగా బాధలేదు; తొందరపడి పైకి వచ్చినప్పుడే యుపద్రవము. గోలీసోడా బుడ్డిలోని గోలీని నొక్కినప్పుడు బుసబుస పొంగును గదా, అట్లే దేహములో బుడగలు లేచి కీళ్లనొప్పులు, పక్షవాతము, ఒక్కొక్కప్పుడు మరణము కలుగును. ఈ మర్మమును 1878లో ఫ్రాన్సు దేశీయుడగు పాల్ బేర్ తన గ్రంథమున వెల్లడించెను.

మన హాల్డేను తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన బ్రిటిషు నావికాదళమువారి కోరికపై మేకలను ఉక్కు గదిలో నుంచి, ఒత్తిడి పెంచియు తగ్గించియు చూచి, ఏ లోతున ఎంతసేపుండవచ్చునో, ఎచ్చటెచ్చట ఆగి పైకి రావలెనో పట్టికలు వేసి, 1908లో ప్రకటించెను. కుమారునికి పదమూడేండ్లు నిండినప్పుడే వానికొక మునుగు దుస్తు తొడిగి సముద్రములోనికి దింపెనట. దుస్తు పెద్దది, లోన నీరు చేరినది. ఆ యింటి పెంపకమే యట్టిది.

నత్రజనియే శత్రువైనచో దానిని తగ్గించి ఆమ్లజనిని హెచ్చించిన సరిపోవును గదా యని ఎవరికైనను తోచును. ఇచ్చటనే “ప్రాణవాయువు” అను పేరు మనలను మోసగించును. ఒత్తిడిలో ఆమ్లజని మితిమీరినచో ఈడ్పులు పుట్టి ప్రాణి చచ్చునని ఆ పాల్ బేరే చూపియుండెను. దీని కొలత మనుష్యులయందు తెలియవలసిన యవసరము 1939 జూనులో వచ్చినది. లివర్పూలు సమీపమున థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. అప్పుడు చిన్న హాల్డేను తన్ను, తన మిత్రులను ఉక్కు గదిలో మూసివేయించుకొని, ఒత్తిడిలో ఏ వాయువు ఏమి చేయునో శోధింప మొదలిడెను. ఆయనకు తరువాత భార్యయైన హెలెన్ స్పర్వే యను విదుషి గూడ ఆ పరీక్షలకు లోనైనది. ఆమ్లజని వలన వచ్చిన ఈడ్పులలోనే ఆయన వెన్నుపూసలు నలిగినవి. చెవి చిల్లిని గూర్చి మాత్రము, పొగాకు పొగను చెవిగుండ వదలుట సభలలో చూపదగిన విద్యయని పరిహాసమాడెను. ఆ యుద్ధకాలముననే కెన్నెత్ డొనాల్డ్ అను నావికా వైద్యుడు మునుగువారిపై పెక్కు పరీక్షలు జరిపి, 1947లో ప్రకటించెను. ఒకే మనుష్యుడు ఒకనాడు సహించిన ఆమ్లజనిని మరునాడు సహింపలేడని ఆయన కనుగొనెను. కావుననే హద్దును బలశాలిని జూచి గాక, మిక్కిలి జాగ్రత్తతో నిర్ణయింపవలసి వచ్చినది.

అటుపిమ్మట 1979లో అమెరికా ప్రభుత్వపు సముద్ర వాతావరణ శాఖవారు నూటికి 32 పాళ్లు ఆమ్లజని గల గాలికి పట్టిక నచ్చొత్తించిరి. ఆ శాఖలో పనిచేసిన డిక్ రట్కౌస్కీ 1985 మొదలు వేడుకకై మునుగువారికి దానిని నేర్పసాగెను. తొలుత దీనిని మాయగాలియని నిందించిరి. 1992 నాటి వర్తక ప్రదర్శనమునకు దీనిని రానీయరాదనియు తలపెట్టిరి. ఆ దశాబ్దము గడచులోపల నిందించినవారే నేర్పుటకు పూనుకొనిరి.

ఇక మా వాని ప్రశ్న. గాలిలోని ఆమ్లజని పాలును మొత్తము ఒత్తిడిచే గుణింపగా వచ్చు అంకె 1.4 దాటరాదని నేటి శిక్షకులు విధించిరి. 130 అడుగుల వద్ద ఒత్తిడి నేలమీదికంటె దాదాపు అయిదు రెట్లు. 32 పాళ్ల గాలికి అచ్చట అంకె 1.6 దరికి పోవును. అది హద్దు దాటినది. ఆ గాలితో 111 అడుగులే గతి. 36 పాళ్లదైనచో 95 అడుగులే. నీటిలో ఈడ్పు వచ్చినవాడు నోటిలోని గొట్టము జారవిడిచి మునిగిపోవును. 130 అడుగులకు తగినది 28 పాళ్ల గాలి. దానివలన లాభమెంత? అమెరికా నావికాదళము చిరకాలము వాడిన పాత పట్టిక ప్రకారము మామూలు గాలితో అచ్చట 10 నిమిషములు. 28 పాళ్లతో 15. అయిదు నిమిషములు హెచ్చినవి, సరియే. కాని సిలిండరు మాటయేమి? రెండువేల నాలుగువందల లీటర్ల గాలి పట్టు సిలిండరు అనుకొందము. నేలమీద నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు అచ్చట 100 పీల్చును. మొత్తము ఊడ్చివేసినను 24 నిమిషములే. దిగుటకు, ఎక్కుటకు, ఆపదకు తీసివేయగా మిగులునది పదియో పదునైదో. అనగా నత్రజని అనుమతించిన నిమిషములను సిలిండరు అనుమతింపదు. పైగా నూరడుగులు దాటిన పిమ్మట కల్లు త్రాగినట్లు వచ్చు మైకము, ఆమ్లజని హెచ్చించినంత మాత్రమున తగ్గదు.

60 అడుగుల వద్ద సంగతి వేరు. అచ్చట 60 నిమిషములు 32 పాళ్లతో 100 అగును. ఒక్క సిలిండరు అంతసేపు రాదు గాని, దినమునకు రెండు మూడు మునకలు వేయువానికి ముందటి మునకలో దేహమున మిగిలిన నత్రజని తక్కువగా నుండును. రుసుము గిట్టునది అచ్చటనే. 100 అడుగుల వద్ద లాభము అయిదు నిమిషములే. అయినను హద్దులోనిది కావున తీసికొనవచ్చును.

ఈ లెక్కలన్నియు వ్రాసి పంపితిని. 32 పాళ్ల సిలిండరుతో 130 అడుగులకు ఎన్నడును పోరాదనియు, సిలిండరులోని పాలును ఇతరుల మాటపై విడువక తానే యంత్రముతో కొలువవలెననియు రెండు గీతలు గీసి చెప్పితిని. దిగవద్దని మాత్రము వ్రాయలేదు. అందుకు మా చెల్లెలు ఇంకను నాపై కినుకతోనే యున్నది. పదునైదు దినములకు వాని జవాబు వచ్చినది. 130 అడుగుల మునకను వాయిదా వేసికొని, 60 అడుగులలో ఒకే దినమున మూడు మునకలు వేసెనట. సిలిండరుకు కట్టిన చీటిని గూడ కవరులో పెట్టి పంపెను. వాడు స్వయముగా కొలిచి వ్రాసిన అంకె 31.8, క్రింద 111 అడుగులు అని హద్దు, దానిప్రక్కన వాని సంతకము.