ఓరుగల్లు బతుకమ్మ: పూలు పేర్చే చేతుల చరిత్ర

బతుకమ్మ పూలతో పేర్చే గోపురం. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు మొదలుపెట్టి ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా తొమ్మిది రోజులు తెలంగాణ ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని తమ చేతులతో పేరుస్తారు. పొద్దు వాలాక వాకిట్లోకో, గుడి ముందుకో, చెరువు గట్టుకో తెచ్చి ఇరుగుపొరుగు బతుకమ్మల నడుమ పెడతారు. చుట్టూ తిరుగుతూ ఆడి పాడి, చీకటి పడ్డాక నీళ్లలో విడుస్తారు.

ఓరుగల్లు సీమలో, అంటే పాత వరంగల్ జిల్లా నేల మీద, పేరున్న చేతిపనులు చాలా ఉన్నాయి. చేర్యాల నకాషీ చిత్రకారుల పటాలు, పెంబర్తి ఇత్తడి నగిషీ, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు లోకానికి తెలిసినవి. వాటి వెనుక వృత్తి కుటుంబాలున్నాయి, కొనేవాళ్లున్నారు, బజారుంది. బతుకమ్మను పేర్చేది మాత్రం వరి కోసే చేయి, బీడీలు చుట్టే చేయి, బడిలో పాఠం చెప్పే చేయి. గురువు ఉండడు, సంతకం ఉండదు, ధర ఉండదు, తెల్లారేసరికి చేసిన వస్తువే ఉండదు. ఇంతమంది మామూలు మనుషులు ఏటా ఒకే వేళకు కళాకారులై, చేసింది నలుగురి ముందు పెట్టే ఆచారం తెలుగు నేల మీద ఇంకొకటి చూపడం కష్టం.

బతుకమ్మ పుట్టుక గురించి చెప్పుకునే కథల్లో రెండు ముఖ్యమైనవి. ధర్మాంగదుడనే రాజుకు, సత్యవతికి నూరుగురు కొడుకులు యుద్ధంలో పోగా, లక్ష్మీదేవి వాళ్ల కడుపున ఆడబిడ్డగా పుట్టిందనీ, ఆ బిడ్డే బతుకమ్మ అనీ ఒక కథ. రెండోది వేములవాడకు సంబంధించింది. రాజేంద్ర చోళుడు దండెత్తి వచ్చి వేములవాడ రాజరాజేశ్వరాలయంలోని పెద్ద శివలింగాన్ని తంజావూరుకు తరలించాడనీ, 1010లో ప్రతిష్ఠ జరిగిన బృహదీశ్వరాలయానికి, ఈ తరలింపుకు లంకె ఉందనీ, దేవుణ్ని పోగొట్టుకున్న ప్రజలు ఆ వెలితి తీర్చుకోవడానికి పూలను మేరువులా పేర్చడం మొదలుపెట్టారనీ చెబుతారు. దీన్ని చరిత్రగా కాక ఐతిహ్యంగానే చదవాలి. కథ సంగతి ఎలా ఉన్నా వేములవాడలో ఇప్పటికీ పండుగను ముగించే సద్దుల బతుకమ్మ ఏడో రోజునే జరుగుతుంది, మిగతా చోట్ల తొమ్మిదో రోజున.

ఆడవాళ్లు గుంపుగా కూడి పాడడం, వలయంగా తిరిగి ఆడడం ఓరుగల్లు సీమకు కాకతీయుల నాటికే కొత్త కాదు. ఇక్కడి పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దపు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాడుకునే పాటల రకాలను పేరుపేరునా చెప్పాడు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళిలో రాసకం, దండరాసకం, కోలాటం వంటి దేశి నాట్యాలకు చోటిచ్చాడు. రాజాస్థానపు పండితుడు పల్లె ఆటలను శాస్త్రంలోకి ఎక్కించాడంటే అవి అప్పటికే ఎంతగా పాతుకుపోయాయో ఊహించవచ్చు. కాకతీయులు మిగిల్చిన మరో ఆస్తి చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం పెద్దవి, ఊరూరా చిన్నవి. చెరువు గట్టున ఆడి చెరువులో విడిచే పండుగ ఇంత గట్టిగా నిలబడడంలో ఈ నీటి ఏర్పాటు పాలు తక్కువది కాదు.

పేర్చే చేయికి మొదటి బడి బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పక్షంలో, పెళ్లికాని పిల్లలు పుట్టమన్ను తెచ్చి నలుపలకల మెట్లుగా ఒకదానిపై ఒకటి, పైకి పోనుపోను చిన్నవిగా కడతారు. అలికి, ముగ్గు వేసి, అంచుల్లో పూలు గుచ్చి, పైన కలశం పెడతారు. కింద వెడల్పు ఎంతుంటే పైన ఎత్తు ఎంత ఆగుతుందన్న లెక్క పిల్లలకు ఆ మట్టిలోనే పడుతుంది. మరుసటి వారం పెద్దవాళ్ల పక్కన కూర్చుని చిన్న బతుకమ్మ పేర్చేటప్పుడు అదే లెక్క పూలకు వర్తిస్తుంది.

పూలు తేవడం ఎక్కువగా మగవాళ్ల వంతు. తెల్లవారుజామునే చెలకలకు, గుట్టలకు పోయి తంగేడు, గునుగు మూటలు కట్టుకొస్తారు. తంగేడు బీడు భూముల్లో, రాళ్ల గుట్టల్లో నీళ్లు పోయకుండానే పసుపుపచ్చగా పూస్తుంది. గునుగు అసలు కలుపు మొక్క. వానకాలపు మెట్ట చేన్లలో జొన్న, మక్క, పత్తి మధ్య మొలిచి, సరిగ్గా ఈ పండుగ వేళకు తెల్లటి, లేత గులాబీ కంకులు వేస్తుంది. రైతు పీకి పారేసే మొక్క ఈ తొమ్మిది రోజులు ఇంటి నడుమ చాప మీదికి చేరుతుంది. వీటికి తోడు పట్టుకుచ్చు, కట్లపూలు, బంతి, రుద్రాక్ష, బీరపూలు, గుమ్మడిపూలు, చెరువు దగ్గరుంటే తామరలు. మల్లె, గులాబీ వంటి తోట పూలకు ఇక్కడ పెద్ద పాత్ర లేదు. ఖర్చు లేకుండా దొరికేదే ముడిసరుకు కావడం వల్ల ఈ కళ పేదింటికి కూడా అందింది.

పనంతా గునుగులో ఉంది. కంకులను ఏరి, పొడవులు సరిచూసి, ముప్పయ్యో నలభయ్యో కలిపి కాడల దగ్గర దారంతో కట్ట కడతారు. తలలు ఎగుడుదిగుడుగా ఉంటే కొసలు కత్తిరించి చదును చేస్తారు. గిన్నెలో వేడినీళ్లలో రంగు కలిపి, కట్టను తలకిందులుగా పట్టుకుని పూవు భాగం వరకే ముంచి తీస్తారు. గునుగు కాగితంలా పొడిగా ఉండే పువ్వు కనుక రంగును వెంటనే పట్టుకుంటుంది, వాడదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా. కొన్ని కట్టలను తెల్లగానే వదిలేస్తారు. ముంచిన కట్టలను నీడన ఆరబెడతారు. తడి ఉండగా పేరిస్తే పై వరుస రంగు కింది వరుసలోకి కారుతుందని మొదటిసారి పేర్చే పిల్లకు కూడా ఎవరో ఒకరు చెబుతారు.

పేర్చడానికి అడుగున ఇత్తడి తాంబాలం గాని, వెదురు సిబ్బి గాని పెడతారు. దాని మీద గుమ్మడాకులు లేదా ఆముదపాకులు పరుస్తారు. మొదటి వరుస తంగేడు, పూలు బయటికి, కాడలు లోపలికి. ఆ వెంటనే నడిమి గుంతను తుంచిన ఆకులతో, కాడలతో నింపి అరచేత్తో గట్టిగా అదుముతారు. బయటి అందం చూసేవారికి కనబడని ఈ నింపుడులోనే బతుకమ్మ నిలకడ ఉంది. లోపల వదులైతే మూడో వరుసకే ఒక పక్కకు ఒరుగుతుంది. తర్వాత ఒక రంగు గునుగు, దానిపై బంతి, మళ్లీ ఇంకో రంగు గునుగు. వరుస వరుసకు చుట్టు తగ్గుతూ పోతుంది. ఏ రంగు పక్కన ఏది పెట్టాలన్నదానికి నియమం లేదు. పక్కింటి బతుకమ్మ నిరుడు ఎలా ఉండిందో గుర్తుపెట్టుకుని దానికంటే వేరుగా పేర్చే ఇల్లాలు ఉంటుంది, తల్లి పేర్చిన వరుసనే తప్పకుండా పాటించే ఇల్లాలూ ఉంటుంది. కొసన గుమ్మడిపువ్వు, అందులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. పక్కన పిల్ల బతుకమ్మ. అగరొత్తులు గుచ్చి దేవుని ముందు పెట్టడంతో పని పూర్తవుతుంది.

తొమ్మిది రోజులకూ వేర్వేరు పేర్లున్నాయి. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు దాటాక ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. వేపకాయలు, వెన్నముద్దలు అయ్యాక చివరిది సద్దుల బతుకమ్మ. అన్నిటికంటే ఎత్తుగా పేర్చేది ఆనాడే. మలీద ముద్దలు, పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది కట్టుకుని గట్టుకు పోతారు, బతుకమ్మను విడిచాక పంచుకుంటారు.

ఇది అందరి పండుగ అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. పాత ఊళ్లలో బతుకమ్మ అన్ని కులాల్లో ఉన్నా వలయం మాత్రం వాడవాడకూ వేరుగా ఉండేది. దళిత వాడల ఆడవాళ్లు ఊరి నడుమ ఆటలో కలిసే వీలు లేని చోట్లు చాలా. దొరల గడీల పెత్తనం నడిచిన కాలంలో కొన్ని ఊళ్లలో దొర వాకిట ఆడి రావడం వెట్టిలో భాగమైంది. 1946-51 తెలంగాణ రైతాంగ పోరాటంలో ఆ ఆటే ఎదురు తిరిగింది. ‘ఉయ్యాలో’ అంటూ సాగే బతుకమ్మ పాటల వరుసల్లో దేవతల కథలకు బదులు దొరల దోపిడీ, పోరాటం నడిపిన సంఘం మాట, అమరుల పేర్లు వచ్చి చేరాయి. చదువురాని జనానికి అందరికీ తెలిసిన రాగం, ఒకరు అనగా పదిమంది అందుకునే పద్ధతి పోరాటపు మాటను ఊరూరికీ మోశాయి.

ఈ పాటలకు పండిత లోకంలో పీట వేసినవాడు ఓరుగల్లు మనిషే. పాత వరంగల్ జిల్లా దేవునూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజు ఊళ్లు తిరిగి జానపద గేయాలు సేకరించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1950లలో డాక్టరేట్ పొందాడు. అప్పటిదాకా ఆడవాళ్ల నోటి పాటగా ఉన్నది సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయమైంది. అయితే ఆయన తర్వాత వచ్చిన పరిశోధనలోనూ పాటకు దక్కిన శ్రద్ధ పూల పేర్పుకు దక్కలేదు. పాటను కాగితం మీదికి దించవచ్చు. పేర్పు మరునాటికి నీళ్లలో ఉంటుంది. తెలంగాణ దృశ్యకళ చరిత్రలో బతుకమ్మకు నకాషీ పటం పక్కన చోటు దొరకకపోవడం న్యాయం కాదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బతుకమ్మను మళ్లీ రోడ్డు మీదికి తెచ్చింది. 2006లో ఏర్పడిన తెలంగాణ జాగృతి జిల్లా జిల్లాలో బతుకమ్మ ఉత్సవాలు జరిపింది. ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో రాస్తారోకోల నడుమ, కళాశాలల ముందు, కార్యాలయాల వాకిళ్లలో బతుకమ్మలు నిలిచాయి. 2014లో రాష్ట్రం ఏర్పడగానే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, అదే ఏడు తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాల మీద నేశారు.

హన్మకొండ, వరంగల్‌లలో ఆడే చోట్లకు సొంత చరిత్ర ఉంది. ఎంగిలిపూల నాడు జనం పోటెత్తేది 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింది గుండం చుట్టూ కాలు పెట్టే సందుండదు. ఆ గుట్ట మీది జైన బసదిని కాకతీయ మంత్రి బేతన భార్య మైలమ కట్టించిందని 1117 నాటి శాసనం చెబుతుంది. ఒక స్త్రీ నిలిపిన గుడి నీడన ఇన్ని వేలమంది స్త్రీలు తమ చేతిపనిని తెచ్చి నిలపడం కాకతాళీయమే అయినా చెప్పుకోదగ్గది. భద్రకాళి చెరువు, ఉర్సు గుట్ట, కోట లోపలి వాడలు మిగతా ముఖ్యమైన చోట్లు. 

మారింది ప్రధానంగా ముడిసరుకు. ఊళ్ల చుట్టూ బీళ్లు ప్లాట్లయ్యాయి, తంగేడు పొదలు పోయాయి. చేన్లలో కలుపు మందు వాడకం పెరిగి గునుగు తగ్గింది. పట్నం ఇళ్లు ఇప్పుడు రోడ్ల పక్కన కుప్పలు పోసి అమ్మే గునుగు కట్టల మీద, బంతి, చేమంతి బుట్టల మీద ఆధారపడుతున్నాయి. పేర్చి సిద్ధంగా ఉంచిన బతుకమ్మలూ దొరుకుతున్నాయి. కాగితం, ప్లాస్టిక్ పూలవీ కనబడుతున్నాయి; అవి నీళ్లలో కలవవు, కనుక అవి బతుకమ్మలు కావు. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో తెలంగాణ సంఘాలు ఆడే బతుకమ్మల్లో తంగేడు దొరకక అక్కడి చేమంతులు, ఇతర తోట పూలు చేరాయి. పువ్వు మారినా చేతిపని మిగిలింది గనుక అది బతుకమ్మే. పెద్ద సభల్లో యంత్రాల సాయంతో నిలబెట్టే పది, ఇరవై అడుగుల బతుకమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గాని, ఒక మనిషి తాంబాలం ముందు కూర్చుని చేయగలిగినంత ఎత్తే ఈ కళకు సహజమైన కొలత.

ఈ కళకు శాలలు, శిక్షణ కేంద్రాలు అక్కర్లేదు. గునుగు విత్తనం గట్టు మీద పడితే మరు వానకాలానికి తనంత తానే మొలుస్తుంది. చేను గట్ల మీద మందు కొట్టకుండా నాలుగు సాళ్ల మేర వదిలే రైతు, లేఅవుట్ చేసేటప్పుడు గుట్ట వార తంగేడును ఉంచే ఊరు, చెరువులోకి మురుగు రాకుండా ఆపే నగరపాలక సంస్థ, ఈ ముగ్గురూ తమ పని చేస్తే చాలు. మిగతాది పేర్చే చేతులు చూసుకుంటాయి.